కుళాయిలో పెచ్చులు

"బాగుచేశావులే నీ మొహం! కుళాయి మళ్లీ మూసుకుపోయింది."

అత్తగారు ఫోన్‌లో ఎప్పుడూ ఇలాగే మొదలుపెడతారు. అవతల ప్లంబరు కూడా ఎప్పుడూ ఒకటే జవాబు చెబుతాడు.

"ఇప్పుడే వస్తానండీ అమ్మగారూ."

"ఇప్పుడెందుకూ? ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఈ మోకాళ్లతో నీ వెనకాల నిలబడి కాపలా కాయలేను. సాయంత్రం మా కోడలొచ్చాక రా."

ఆ ఊళ్లో నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. సబ్బు అరుగుతుంది గానీ నురగ రాదు. ఆరేసిన తువ్వాలు అట్టముక్కలా నిలబడుతుంది. షవర్లో సగం కన్నాలు మూసుకుపోయి, మిగతా సగం గోడకి స్నానం చేయిస్తాయి. గ్లాసులు ఎంత తోమినా, ఎవరో ఇప్పుడే తాగి పెట్టినట్టే ఉంటాయి. అయినా ఏ ఇంట్లోనూ కుళాయి వారం వారం మూసుకుపోదు. ఈ ఇంట్లో మూసుకుపోతుంది.

కొడుకు పోయాక ఆ ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్లిద్దరే. కోడలు కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా ఊళ్లోవాళ్లందరి చేతా అక్షరాలు చదివిస్తుంది. ఇంటికొచ్చాక తను మాత్రం ఒక్క అక్షరం పలికేది కాదు. తిన్నాననిపించి, గది తలుపు వేసుకునేది. ఈమధ్యే, వారానికో సాయంత్రం, వంటింట్లో ఆమె గొంతు వినిపిస్తోంది.

ప్లంబరు వచ్చాడు. అత్తగారు గుమ్మంలోనే ఆపారు.

"తాగి రాలేదు కదా? ఏదీ, ఊదు."

ఊదాడు.

"ఊఁ. ఇంత పొద్దుపోయాక ఊరంతా తిరుగుతావు, ఇంట్లో అడిగేవాళ్లెవరూ లేరా?"

"లేరండీ. అమ్మ పోయాక ఒక్కణ్నే."

పోయిన వారం, ఉండేది సొంత ఇల్లా, అద్దె ఇల్లా అని అడిగారు. ఆ ముందు వారం, ఎవరికైనా బాకీ ఉన్నావా అని. కొత్త మనిషిని ఇంట్లోకి రానివ్వాలంటే ఆవిడకి అన్నీ తెలియాలి. అనుమానం మనిషి.

"అమ్మాయ్, దగ్గరుండి చూడు. కాస్త అటు తిరిగావంటే, వాషర్ మార్చకుండానే మార్చానంటాడు," అని హాల్లోకి వెళ్లి టీవీ సౌండు పెంచేశారు.

అతను కుళాయి మూతికున్న జల్లెడ విప్పి అరచేతిలో తట్టాడు. తెల్లటి పెచ్చులు రాలాయి. పల్చగా, పలకల్లా ఉన్నాయి.

అతను గమనించి చాలా వారాలైంది. చన్నీళ్ల కుళాయిలో సున్నం ఇసకలా చేరుతుంది, ఇలా పలకలు కట్టదు. ఇది మరిగే నీళ్ల అడుగున పుట్టే సరుకు. అంటే ఎవరో తెచ్చి ఇందులో పెడుతున్నారు. జల్లెడ విప్పడం, బిగించడం తెలిసినవాళ్లు. అతను పనిచేస్తుంటే పక్కన నిలబడి చూసేది ఒక్కరే.

తలెత్తి కోడలి వైపు చూశాడు. ఏమీ అడగలేదు. ఒకసారి కడిగితే సరిపోయే జల్లెడని మళ్లీ మళ్లీ కడిగాడు.

కోడలి లెక్క వేరు. పక్కింటికీ ఇవే నీళ్లు, ఇదే సున్నం. వాళ్ల కుళాయి నిక్షేపంగా ఉంది. ఇతను కావాలనే అరకొరగా చేసిపోతున్నాడని ఆమెకి ఎప్పుడో అర్థమైపోయింది. ఆమె కూడా ఏమీ అడగలేదు. లైటు వెలుగుతున్న వంటింట్లో టార్చి పట్టుకుని నిలబడింది.

"ఏవయ్యా!" హాల్లోంచి కేక. "ఇదే ఆఖరు. వచ్చే వారం నీళ్లని మెత్తబరిచే మిషన్ పెట్టించేస్తున్నా. ఆ తర్వాత నీ మొహం చూడక్కర్లేదు!"

వంటింట్లో అతని చేతిలో రెంచి ఆగింది.

"మంచి మిషనేనండీ అది," అన్నాడు. "పెడితే ఇక నాతో పనుండదు."

"పనుంటేనే రావాలా?"

అతను జల్లెడ బిగించాడు. విప్పాడు. మళ్లీ బిగించాడు.

"మా వీధికి మాత్రం నది నీళ్లొస్తాయండీ," అన్నాడు కుళాయితో. "సబ్బు ముట్టుకుంటే చాలు, ఒకటే నురగ. కడుక్కోవడానికే టైం పడుతుంది."

ఇంతకంటే వివరంగా అతను చెప్పలేడని ఆమెకి తెలుసు.

"అత్తయ్యకి కూడా ఈ నీళ్లు పడట్లేదు," అంది. "జుట్టంతా ఊడిపోతోంది. ఆవిణ్ని వదిలి నేనెక్కడికీ రాను."

"వదలమని ఎవరన్నారండీ? రెండు గదులున్నాయి. ఎండొచ్చే గది ఆవిడకి. తిట్టడానికి మనిషిని వెతుక్కోవలసిన పని కూడా లేదు."

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో చాలాకాలంగా ఎవరూ నవ్వనంత గట్టిగా నవ్వింది. వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

హాల్లో టీవీ మోత ఠక్కున ఆగింది.

"అయిపోయింది. విన్నారు," అంది గుసగుసగా. "ఇప్పుడు నన్నేమంటారో! కొడుకు పోయిన మనిషి ముందు ఇలాంటి మాటలా అంటారు."

"నేను చెబుతానండీ," అన్నాడతను. రెంచి కింద పెట్టి, చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. కాళ్లు మాత్రం కదల్లేదు.

హాల్లో అత్తగారు సోఫా దిండు కింద నుంచి చిన్న పొట్లం తీసి, వీళ్ల సంగతి ఇవాళ కూడా తేలకపోతే వచ్చే వారం కుళాయిలో కూరడానికని కెటిల్ అడుగున గీకి దాచుకున్న తెల్ల పెచ్చులన్నిటినీ చెత్తబుట్టలో దులిపేశారు.