ఒరిగిన పద్నాలుగోది

స్పాంజి అనే సముద్రజీవి సారం పోసిన సన్నటి గాజు గొట్టం, హోబర్ట్ నగరపు ప్రయోగశాలలోని పెద్ద అయస్కాంతంలో తిరుగుతోంది. అందులోని అణువుల సద్దును యంత్రం విని, తెర మీద శిఖరాలుగా గీస్తుంది. ఆ సద్దు తరంగాల దశ సరిదిద్దితే అవన్నీ నిటారుగా నిలబడాలి. పదమూడు నిలబడ్డాయి. పద్నాలుగోది పక్కకు ఒరిగే ఉంది. దాన్ని నిలబెడితే మిగతావన్నీ వాలిపోతున్నాయి.

అర్ధరాత్రి దాటింది. అయస్కాంతాన్ని చల్లబరిచే పంపు టిక్కు టిక్కుమంటోంది. పరిశోధక విద్యార్థిని మార్నీ, ఫోన్ చేసి తన ప్రొఫెసర్ డెస్మండ్‌ను నిద్ర లేపింది.

"మూడు వారాలుగా ఇదే గోలా!" ఫోన్‌లో ఆయన విసుక్కున్నాడు. "నీకింకా చెయ్యి తిరగలేదమ్మాయ్. అది చెత్త, చెరిపేసెయ్. పొద్దున్నే జర్నల్‌కు పేపర్ పంపాలి, పదమూడే రాయి."

"చెత్తయితే రోజూ అదే చోట ఎందుకుంటుంది డెస్?"

అటువైపు ఫోన్ పెట్టేశాడు. అప్పుడు తట్టింది మార్నీకి. యంత్రం వినే పౌనఃపున్యాల హద్దుకు అవతల ఉన్న శిఖరమే ఇలా మడతపడి, వంకరగా లోపల కనిపిస్తుంది. హద్దును రెట్టింపు చేసి మళ్లీ నడిపింది.

ఇంతవరకూ ఏ జీవి సారంలోనూ ఏ శిఖరమూ కనబడనంత దూరాన, పద్నాలుగోది కత్తిలా నిటారుగా లేచింది.

"దొరికావ్!" మార్నీ బల్ల చరిచి, తెర మీది బొమ్మను డెస్మండ్‌కు పంపింది.

క్షణంలో జవాబొచ్చింది. "తప్పు నాదే తల్లీ. పద్నాలుగూ రాయి. నీ పేరే ముందు పెట్టు."

మార్నీ ఎగిరి గంతేసింది. ఆ తర్వాతే పంపు చప్పుడు ఆగిపోయిందని గమనించింది. ఒకసారి గీశాక కదలకూడని గీతలో, కొత్త హద్దు అంచున, ఇందాక లేని శిఖరమొకటి మెల్లగా లోపలికి ఒరుగుతోంది.

మార్నీ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"నువ్వూ రా," అని ఆ కొత్త శిఖరంతో అంటూ హద్దును ఇంకా అవతలికి జరిపింది.