గోడవతల ఎలుగు మామయ్య

బయట గడియ పడ్డ చప్పుడుకి వుకాన్ తలుపు వైపు తిరిగాడు.

"ఈ తలుపు లోపల్నుంచి రాదు నాయనా. అంతా అయ్యాక నేనే వచ్చి తీస్తా," అంది అవతల్నుంచి రదోయ్క టీచర్.

పాత పటాలూ, విరిగిన కుర్చీలూ పడేసే గది అది. కిటికీ లేదు. ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని, చెవి గోడకి ఆనించి కూర్చున్నాడు. గోడవతల నాలుగో తరగతి. కోరి తెచ్చుకున్న చెర, ఎవర్నీ అనడానికి లేదు. "పరీక్షించేవాళ్ళు పిల్లల కంటపడకూడదు" అని ప్రణాళికలో రాసింది తనే. అందుకే మొదటి బస్సుకి, పిల్లలింకా రాకముందే వచ్చి దూరాడు.

పైకి చెప్పిన కారణం అది. అసలు సంగతి వేరు.

భిన్నాలు నేర్పే 'ఎలుగు మామయ్య' ప్రోగ్రాంని వుకాన్, లాజర్ కలిసి తయారుచేశారు. పిల్లలు ప్రశ్న టైపు చేస్తే మామయ్య జవాబు చెప్పాలి. వారం కిందటిదాకా చెప్పాడు కూడా. తర్వాత ఏం తెగులు పట్టిందో, ఏం అడిగినా "శభాష్, సరిగ్గా చెప్పావు!" అనడం తప్ప మరో మాట లేదు. బాగుచేసే వ్యవధి లేదు. అందుకని మామయ్య బదులు వుకానే ఇక్కడ కూర్చుని జవాబులు కొడతాడు. యంత్రమే చెప్పిందని అందరూ అనుకోవాలి.

ఇరవయ్యో తేదీకల్లా పిల్లల అభిప్రాయాలతో నివేదిక ఇవ్వకపోతే కాలేజీలో ఏడాది పోతుంది. నిరుడొకసారి పోయింది. మళ్ళీ పోతే పేరే కొట్టేస్తారు. ఈ బడికి కాలేజీ అరువిచ్చిన ఎనిమిది కంప్యూటర్లూ వెనక్కి పట్టుకుపోతారు.

నెల రోజులు కూర్చుని వేసిన ప్రణాళిక. ఏ బల్ల దగ్గర ఎవరు, కరెంటు పోతే ఏం చెయ్యాలి, మంచు పడితే ఏ బస్సు. తల్లిదండ్రుల ఒప్పుకోలు కాగితాలు కూడా తెప్పించాడు. ఎనిమిదింటిమీదా ఒకటే ఇంటిపేరు, యెవ్తిచ్. కొండమీది ఊళ్ళు అంతే మరి.

తేదీ దగ్గరే టీచర్ ఫోన్లో కాస్త నసిగింది.

"పంతొమ్మిదా? ఇంకో రోజు కుదరదా?"

"అదే ఆఖరు రోజు టీచర్‌గారూ. అది తప్పితే నా పని అయిపోయినట్టే."

"సరే, రా," అంది.

ఎనిమిది మందికి జవాబులివ్వాలంటే నాలుగు చేతులు కావాలి. లాజర్ కూడా వస్తానన్నవాడే, తెల్లారగట్ల ఫోన్ చేసి చెయ్యిచ్చాడు.

"ఒరే, తేదీ చూసుకోలేదురా. ఇవాళ మా స్లావ. ఇల్లు కదిలితే మా నాయనమ్మ కాళ్ళిరగ్గొడుతుంది."

"మరి నేనేం చావను?"

"నీకు రెండు చేతులున్నాయిగా, కానియ్యి!"

వంశానికో సాధువు ఇక్కడ, ఇలవేల్పులాగా. ఆయన రోజే ఆ ఇంటి స్లావ. లాజర్ వాళ్ళకి సెయింట్ నికోలా. వుకాన్ వాళ్ళ సాధువు మే నెలకి గానీ రాడు. డిసెంబర్‌లో ఎవరి పండగ ఎప్పుడో అతనికి పట్టదు.

గంట మోగింది. తెర మీద మొదటి ప్రశ్న వచ్చింది. ఒకటో బల్ల, మిలిత్స.

"నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా? మరి నాలుగో వంతు కన్నా ఎనిమిదో వంతు చిన్నదెందుకు?"

"ఒక రొట్టెని నలుగురు పంచుకుంటే నీకు ఎక్కువొస్తుందా, ఎనిమిది మంది పంచుకుంటేనా?" అని కొట్టాడు.

అవతల టీచర్ చెప్పుల చప్పుడు నాలుగడుగులు వేసి ఆగింది. రెండో బల్ల నుంచి ప్రశ్న. జవాబు. మళ్ళీ చెప్పుల చప్పుడు. మూడో బల్ల.

ఇద్దరు ఒకేసారి అడిగితే దొరికిపోతానని భయపడ్డాడు గానీ, ఒక్కసారీ అలా జరగలేదు. గుసగుస లేదు, నవ్వు లేదు. ఏం క్రమశిక్షణ పెట్టిందీవిడ! తన చిన్నప్పుడైతే ఈపాటికి ఎవడో ఒకడు ఎవరి జడో లాగేసి ఉండేవాడు.

గాలాడటం లేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. దగ్గొస్తే కండువా నోట్లో కుక్కుకున్నాడు. వీటన్నిటికన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లల్ని మోసం చేస్తున్నాడు, వాళ్ళేమో బుద్ధిగా ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు. లేచి వెళ్దామంటే తలుపు రాదు.

చివరికి ఎనిమిదో బల్ల, చిన్నారి స్తోయన్.

"ఎలుగు మామయ్యా, నీకేదైనా రాకపోతే రాదని చెప్పెయ్యి. మా టీచర్ ఏమీ అనదు."

వుకాన్ వేళ్ళు ఆగిపోయాయి. దానికి జవాబు కొట్టలేకపోయాడు.

ఎంతసేపటికో గడియ తీసిన చప్పుడైంది. గుమ్మం నిండా టీచర్. చేతిలో ఎనిమిది కాగితాలు, ఎనిమిది రంగుల పెన్సిళ్ళతో నింపినవి.

"తీసుకో నాయనా. అందరికీ మామయ్య నచ్చాడు. నీ ఏడాది గట్టెక్కినట్టే."

వుకాన్ చెయ్యి చాపలేదు. ఏడాది పోతే పోయిందనుకున్నాడు.

"అవి నాకొద్దు టీచర్‌గారూ. మామయ్య పాడైపోయాడు. ఇందాకట్నుంచీ పిల్లలకి జవాబులు చెప్పింది యంత్రం కాదు, నేను."

టీచర్ కళ్ళద్దాలు తీసి శాలువా అంచుతో తుడుచుకుంది.

"అయితే ఇంతసేపూ మాట్లాడుకుంది మనిద్దరమే నాయనా, యెవ్తిచ్‌లందరికీ నికోలా స్లావ కదా, ఇవాళ నా పిల్లలు ఒక్కరూ బడికి రాలేదు."