సెలవులెవరికి?

జూన్ మొదటివారం, వేసవి సెలవులకు ముందు సముద్రతీరపు ఊరి బడిలో తల్లిదండ్రుల సమావేశం. డెబ్బై ఏళ్ల ఎర్సీలియా విసనకర్ర మూసి లేచింది.

"మూడు నెలల సెలవులేంటండీ? పిల్లలు ఎక్కాలన్నీ మర్చిపోయి వస్తున్నారు. జూలై అంతా బడి నడపండి. సాయంత్రం ఐదింటిదాకా నడపండి!"

తల్లులంతా చప్పట్లు కొట్టారు.

టీచర్ మొరేనా ముఖం ఎర్రబడింది. "ఈ గదుల్లో జూలైలో ఉడికిపోతారండీ. అయినా మీరిక్కడ టీచరుగా ఉన్నప్పుడు, సెలవులు ఒక్క వారం తగ్గిస్తామంటేనే సమ్మె చేశారు కదా?"

"అప్పుడు టీచర్ని, ఇప్పుడు అమ్మమ్మని. ముగ్గురు పిడుగులమ్మా! పొద్దున లేస్తే పాస్తాకి పిండి పిసకాలి. తిన్న వెంటనే సముద్రంలోకి దిగొద్దురా, కడుపునొప్పి వస్తుందంటే ఒక్కడూ వినడు. వాళ్ల కన్నతల్లి మాత్రం బీచిలో అద్దె గొడుగు కింద హాయిగా పడుకుంటుంది!"

"ఆ తల్లెవరోగానీ సిగ్గుండాలి," అన్నాడు ఊరికి కొత్తగా వచ్చిన ఒకాయన.

మిగతావాళ్లు తలలు దించుకుని నవ్వాపుకున్నారు.

అందరూ వెళ్లిపోయాక మొరేనా కిటికీలు మూస్తూ అంది: "నలుగురిలో పరువు తీశావు కదమ్మా. సరే, సోమవారం పిల్లల్ని నీ దగ్గర దింపుతా."

"మూడు నెలలూ నువ్వేం చేస్తావే?"

"నన్ను నానమ్మ దగ్గర దింపేసి నువ్వేం చేసేదానివో, అదే."

ఎర్సీలియా విసనకర్ర విప్పి కాసేపు విసురుకుంది.

"గొడుగు మొదటి వరసలోనే తీసుకో," అంది చివరికి. "వెనకైతే సముద్రపు గాలి రాదు."