చేబదులు పిన్ని

పాలగ్లాసు మళ్ళీ నేలపాలైంది.

మూడేళ్ళ పిల్ల ఆ పాలల్లో కాళ్ళు తపతపలాడిస్తూ నవ్వుతోంది. చంటివాడు రాత్రంతా కన్ను మూయనివ్వలేదు. నైట్ డ్యూటీకి వెళ్ళిన మొగుడు ఇంకా ఇల్లు చేరలేదు. తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది.

చెయ్యి లేచింది.

అంతలో తలుపు చప్పుడైంది. కింది వాటా పెద్దావిడ. ఒంటరి మనిషి. ఈసారి సూది కావాలట.

మొన్న కత్తెర, అంతకు ముందు అగ్గిపెట్టె. వచ్చిందంటే మోకాళ్ళు పట్టేశాయంటూ కూలబడుతుంది, పిల్లను ఒళ్ళో వేసుకుంటుంది. అడిగింది వెతికి తెచ్చేసరికి తల్లికి తన కోపం దేని మీదో కూడా గుర్తుండదు.

"ఆవిడింట్లో గోడలు తప్ప ఇంకేమైనా ఉన్నాయా?" అంది మొగుడితో. అతను నవ్వి, చేబదులు పిన్ని అని పేరు పెట్టాడు.

తల్లికి మాత్రం నవ్వు రాలేదు. కొట్టే తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని తీసుకెళ్ళిపోయే ఆఫీసు ఒకటుందని ఎవరో చెప్పారు. సరిగ్గా చెయ్యి లేచినప్పుడే వస్తోందంటే, ఈవిడ అక్కడికి కబుర్లు మోస్తోందేమో.

ఆవిడ తీసుకెళ్ళినవి తిరిగివ్వడం లేదని తల్లి ఇంటి ఓనర్లకు లేనిపోనివి ఎక్కించింది. వాళ్ళు ఆవిడను ఖాళీ చెయ్యమన్నారు.

వెళ్ళేరోజు ఆవిడ మెట్ల దగ్గర ఆగి, "వేళకి ఇంత తిను అమ్మాయ్. నీరసానికి కోపం ఎక్కువ" అంది. అంతే.

ఆ తర్వాత తలుపు తట్టేవాళ్ళు లేరు.

ఓ మధ్యాహ్నం లేచిన చెయ్యి ఆగలేదు. పిల్ల చెవిలోంచి రక్తం వచ్చింది.

డాక్టరు దగ్గర అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. చెవికి పెద్ద ప్రమాదం లేదని చెప్పి, ఆయన ఆమెను ఆసుపత్రి వెనక గదిలో తల్లిదండ్రులకు జరిగే క్లాసుకు పంపాడు. అందరివీ నిద్రలేని మొహాలే. బడి మానేసిన ఇన్నేళ్ళకు మళ్ళీ చివరి వరసలో నక్కి కూర్చుంది.

క్లాసు చెప్పే మేడమ్ ఎవరినీ తిట్టలేదు. కోపం ఎలా ఎక్కుతుందో, ఎలా దిగుతుందో చెప్పింది. చివర్లో ఇంకో మాట అంది.

"పక్కింట్లో పిల్లను కొట్టబోతున్నట్టు వినిపిస్తే నీతులు చెప్పడానికి వెళ్ళకండి. తలుపు తట్టి ఏ సూదో, కత్తెరో అడగండి. అది వెతికేలోపు కోపం దిగిపోతుంది."

అందరూ వెళ్ళాక తల్లి మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"ఇది మీకెవరు చెప్పారు మేడమ్?"

"మీలాగే ఈ క్లాసుకొచ్చిన ఒకావిడ. అప్పటికే ఆలస్యమైంది, కొడుకును తీసుకెళ్ళిపోయారు, మళ్ళీ ఇవ్వలేదు. 'ఆ రోజు ఒక్కరైనా నా తలుపు తట్టుంటే' అనేది."

మేడమ్ కుర్చీలు సర్దుతూ అంది:

"అప్పట్నుంచి ఆవిడ ఎక్కడ అద్దెకు దిగినా, పై వాటాలో చిన్నపిల్లలున్న ఇల్లే వెతుక్కుంటుంది."