గోడ అవతలి అక్క

రాయచోటి నుంచి ఒంటరిగా ఇంటిపనికి వచ్చిన నాగసుబ్బమ్మకు కువైట్‌లో అది మొదటి రాత్రి. యజమానురాలు మేడ మీది చిన్న గది చూపించి వెళ్లిపోయింది. వీధిలో మనిషి అలికిడి లేదు, కుక్క అరుపైనా లేదు. ఏసీ హోరొక్కటే. నాగసుబ్బమ్మ దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“ఏడ్వాకు పాపా, కొత్తలో ఇట్నే ఉంటాది,” అంది గోడ అవతలి నుంచి ఒక ఆడగొంతు, అచ్చం తన ఊరి యాసలో. పక్క గదిలో మనూరామె ఉందన్న ధైర్యంతో ఆమె నిద్రపోయింది.

పొద్దున డ్రైవరు శ్రీనివాసులును అడిగింది. “అన్నా, నా పక్క గదిలో అక్క యాడికి పాయె?”

“పక్కన గది యాడుందమ్మా? అది మేడ చివరి గోడ. అవతల ఉత్త గాలే.”

ఆ రాత్రి ఆమె ఆ గోడ వైపే చూస్తూ మంచం మీద కూర్చుంది. ఉన్నట్టుండి ఏసీ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేక, గోడకు చెవి ఆనించి, “అక్కా, ఉండావా?” అని పిలిచింది.