ఫుల్ రేటు పాఠకుడు

దయాకర్ అన్నం కలిపి, ముద్ద నోట పెట్టకుండానే ఫోన్ తీశాడు. సున్నా.

అతని ఈ-బుక్‌లో ఎవరైనా పేజీ తిప్పితే ఆ అంకె కదలాలి. కదల్లేదు. కంచం పక్కకు తోసేశాడు.

ఉప్పల్లో ఇల్లు, నాచారం మందుల కంపెనీలో పని. మూడేళ్లు కంపెనీ బస్సులో ఊగుతూ ఫోన్లోనే రాసిన నవల అది. ధర నూట నలభై తొమ్మిది రూపాయలు పెట్టాడు.

"గంత రేటా! తగ్గినంక కొంట అన్నా," అన్నాడు తోటి పనివాడు విక్రమ్.

తొంభై తొమ్మిది చేశాడు.

"ఇంక తగ్గుతది తియ్యి."

నలభై తొమ్మిది.

"దసరాకు ఫ్రీ ఇస్తరు గదనే!"

దసరా వచ్చింది. ఫ్రీ పెట్టాడు. వందలమంది ఎగబడి ఫోన్లలోకి దింపుకున్నారు, విక్రమ్‌తో సహా. ఒక్కడూ తెరవలేదు. ఊరికే వచ్చిన పుస్తకానికి తొందరేముంది?

దయాకర్‌కి తిండి పోయింది, నిద్ర పోయింది. ఒకరోజు పరధ్యానంగా తిరిగే మిషన్లో చెయ్యి పెట్టబోతే పక్కవాళ్లు లాగారు. సూపర్‌వైజర్ తిట్టి ఇంటికి పంపించాడు.

"ఒక్క పేజీ ఎవలు తిప్పుతలేరు కల్పనా! ఇంక నేనెందుకు బతకాలె?" అని భార్య ముందు భోరుమన్నాడు. ఆమె అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

దయాకర్ తండ్రి ఆగయ్య మెట్ల మీంచే కసిరాడు. "పుస్తకం బువ్వ పెడ్తదారా? లేసి తిను!" కసిరి మళ్లీ ఫోన్లో తలదూర్చాడు. రీళ్ల పిచ్చి ముసలాయన అని వీధిలో పేరు.

ఎలాగూ కొనేవాడు లేడని, దయాకర్ కసిగా ధర మళ్లీ నూట నలభై తొమ్మిదికి పెంచేశాడు. సగం రాసిన రెండో నవల చెరిపేద్దామనుకున్నాడు.

ఆ వారమే ఒక్క కాపీ అమ్ముడుపోయింది. ఫుల్ రేటుకి!

మర్నాడు అంకె కదిలింది. ఆ తర్వాత రోజూ కదిలింది. ఎవరో నిదానంగా, ఒక్క రోజు తప్పకుండా చదువుతున్నారు. పుస్తకం అయిపోయింది. మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలైంది!

"సూసినవా కల్పనా, రెండోసారి సదువుతుండు! ఫ్రీగ తీస్కున్నోడు తెరువడు. పైసలు పెట్టినోడికే ఇలువ తెలుస్తది."

కల్పన ఇంకో గరిటె వడ్డించింది. అతను తిన్నాడు. ఆ ఒక్క పాఠకుడి కోసమే రెండో నవల మళ్లీ మొదలుపెట్టాడు. కంపెనీలో కనబడ్డ వాళ్లకల్లా చెప్పాడు.

ఆదివారం విక్రమ్ దయాకర్ ఇంటికి వచ్చాడు. ఆగయ్య మెట్ల మీద కూర్చుని ఫోన్ మీద వేలు జరుపుతున్నాడు. ఏం రీళ్లో అని విక్రమ్ తొంగి చూశాడు. దయాకర్ నవల!

"కాకా! గా ఫుల్ రేటు పెట్టి కొన్నది నువ్వేనా?"

"కోడలితోని కొనిపిచ్చిన. మెల్లగ మాట్లాడు."

విక్రమ్ సిగ్గుపడ్డాడు. దసరానాడు దింపుకున్న పుస్తకం అతని ఫోన్లో అలాగే పడి ఉంది.

"రెండోసారి గూడ సదువుతున్నవంటే గట్టిదే అయ్యుంటది. కథ ఎట్లుంది కాకా?"

ఆగయ్య లోపలికి చూశాడు. దయాకర్ కంచం ముందు కూర్చుని చారు అడుగుతున్నాడు. ముసలాయన గొంతు తగ్గించాడు.

"నాకు అచ్చరం ముక్క రాదు బిడ్డా, గీ ఏలు జరిపితే ఆడు బువ్వ తింటుండని జరుపుతున్న."