ఎంగిలిపడి పో

"ఆ రెండో ప్లేటు ఎవరిది? ఎవర్ని రానిస్తున్నావ్ ఇంట్లోకి? నిజం చెప్పకపోతే పాస్‌పోర్ట్ ఇవ్వను, ఖలాస్!" ఆ అరబ్బు ఇంటి యజమానురాలు, రెడ్డెమ్మ పిలిచే మామా, కళ్లెర్రజేసి అరిచింది.

పనిమనిషి రెడ్డెమ్మ బయటికి చూసింది. వాకిట్లో డ్రైవర్ అన్వర్ బాషా అప్పటికే పెట్టె కార్లో సర్దేశాడు. ఈ సాయంత్రం విమానం తప్పిందా, రాయచోటిలో బిడ్డ మొహం మళ్లీ ఏ కాలానికో! చంకలోంచి దించి వచ్చిన పిల్ల, ఇప్పుడు బడికి పోతోందట.

"ఎవర్నీ రానీలేదు మామా, ఒట్టు! ఆ యమ్మకే పెడతాండా," తనకొచ్చిన అరబ్బీలో మొత్తుకుంటూ గోడమీది పటం చూపించింది.

అది ఇంటి యజమాని బాబా ఎప్పుడో హాలెండ్ నుంచి తెచ్చిన పాతకాలపు పటం. బల్లమీద కొవ్వొత్తి, రొట్టె. వెనక కూర్చున్న దొరసాని మొహం సగం వెలుగు, సగం నీడ. మిగతాదంతా కటిక చీకటి. వంటగది పక్కన, దానికెదురుగానే రెడ్డెమ్మ రోజూ అన్నం తినేది.

"ఎదురుగా మనిషి కూర్చోనుంటే పిలవకుండా ఎట్లా తింటాం మామా? మా పక్క తప్పు. దామ్మా, తిందువు అని పిలిచి, ఇంత పెడతా."

"మరి ఆ అన్నం తిన్నదెవరు?"

"పిల్లి అనుకుంటి మామా."

మామా పగలబడి నవ్వింది. "మజ్నూనా! ఉత్త పిచ్చిదానివే నువ్వు," అని పాస్‌పోర్ట్ చేతిలో పెట్టి మేడెక్కిపోయింది.

హమ్మయ్య! పాస్‌పోర్ట్ చేతిసంచిలో దాచుకుంది రెడ్డెమ్మ. ఇన్నాళ్లు తోడున్న మనిషికి చెప్పకుండా పోతే బాగుండదని, సంచి కిందపెట్టి పటం ముందు నిలబడింది.

"పోయొస్తామ్మా."

పటంలో కొవ్వొత్తి మంట అల్లాడింది. దొరసాని మెల్లగా తల ఇటు తిప్పింది.

"ఇన్నాళ్లు నీ చేతికూడు తింటి. మా ఇంట్లో ఇంత ఎంగిలిపడి పో," అంది, అచ్చం రాయచోటి మాటల్లో.

పరిగెత్తు పరిగెత్తంటున్నాయి రెడ్డెమ్మ కాళ్లు. కానీ కూటికి పిలిచినోళ్లను కాదని ఎట్లా పోయేది? పటంలోకి చెయ్యి చాచి రొట్టె తుంచి, కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది. చప్పగా, చల్లగా ఉంది. మింగి కళ్లు తెరిచేసరికి తను బల్ల వెనక కూర్చుని ఉంది. ఒక చెంపకు వేడి తగులుతోంది, రెండో చెంప పక్కన చీకటి. లేవబోయింది. ఒళ్లు కదల్లేదు.

బయట కారు హారన్ మోగింది. "రెడ్డెమ్మక్కా, యాడుండావ్? టైమైపాయె!"

"వస్తాండా, వస్తాండా! పోదాం పా బాషా, నా బిడ్డ కాసుకోనుంటాది," అని వాకిట్లోంచి తన గొంతే వినబడింది రెడ్డెమ్మకు.